ఔషధానికి పుట్టుక అడగవచ్చునా?

బంగారం కొనే వర్తకుడు వన్నె చూస్తాడు. పట్టు కొనే వర్తకుడు పోగు చూస్తాడు. కోలారు సీమలో ఈ రెండు వర్తకాలూ తరతరాలుగా సాగినవి. సరుకు ఎక్కడిది, ఎవరి చేతి మీదుగా వచ్చినది అని విచారించనివాడు ఆ బజారులో నిలువలేడు. ఐతే అదే వర్తకుడు జబ్బుపడినప్పుడు, తన శరీరంలోనికి పోయే మందును గురించి ఈ ప్రశ్న అడగవచ్చునా?

రాబర్ట్‌సన్‌పేటలో ఒక వృద్ధ వర్తకుడు మోకాళ్ల నొప్పితో బాధపడుతున్నాడనుకొందురు గాక. కీలులోనికి సూదితో జెల్లు ఎక్కించవచ్చునని వైద్యుడు చెప్తాడు. "ఇది దేనితో చేసినది?" అని వృద్ధుడు అడుగుతాడు. "కొన్నాళ్లకు కరిగిపోయేదానికి కులగోత్రా లెందుకు తాతా?" అని మనుమడు నవ్వుతాడు. ఆ నవ్వులో సగం న్యాయం ఉన్నది.

హైడ్రోజెల్ అనగా నీటిని తనలో పట్టి ఉంచుకొనే మెత్తని అల్లిక. సూదిలో ద్రవంవలె జారి, శరీరంలోనికి పోయి అక్కడ పేరుకొంటుంది. మందును కొద్దికొద్దిగా విడుస్తుంది, లేదా చెడిన చోటికి ఊతగా నిలుస్తుంది. పని ముగిసిన పిమ్మట శరీరమే దానిని విడగొట్టి వెలుపలికి పంపుతుంది. తీయుటకు మరల కోత అక్కరలేదు. ప్రొస్టేటు కాన్సరుకు కిరణచికిత్స చేయునప్పుడు పక్కనున్న పేగును కాపాడే జెల్లు ఒకటి 2015లో అమెరికాలో ఆమోదం పొందినది. అది సుమారు మూడు నెలలు నిలిచి, ఆరు నెలలలో కరిగిపోతుంది. అందులో జంతు పదార్థం లేదు.

కూడుటా విడిపోవుటా పుద్గల స్వభావమని జైనశాస్త్రం చెప్తుంది. వచ్చి, పనిచేసి, ఏమీ మిగల్చకుండా పోవుట మంచి గుణమే. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గాని, సైనైడు మట్టి దిబ్బలు మాత్రం ఊరి పక్కనే నిలిచి ఉన్నవి. ఆ దిబ్బల నీడన పెరిగిన మనుమడు కరిగిపోయే వస్తువును మెచ్చుకొనుట సహజం.

ఐతే పోయే దారి శుభ్రమైనంత మాత్రాన వచ్చిన దారి శుభ్రమని చెప్పరాదు. మోకాలికి ఎక్కించే హయలురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు ఆవు కంటినుండి మొదట వేరుచేసినారు. తరువాత దానిని కోడిపుంజు జుట్టునుండి తీసినారు. ఇప్పుడు చాలావరకు సూక్ష్మజీవులచేత పులియబెట్టి తయారుచేస్తున్నారు. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మాలనుండి వస్తుంది. కైటోసాన్ రొయ్యలు, పీతల పెంకులనుండి. ఆల్జినేట్ సముద్రపు నాచునుండి. పంచేంద్రియ జీవి వధకూ, ఏకేంద్రియమైన నాచుకూ తారతమ్యం తెలియనివారు జైనులలో ఉండరు.

పట్టునుండి కూడా ఇట్టి జెల్లు చేయుటకు పరిశోధనలు జరుగుతున్నవి. ఇది కోలారు సీమకు దగ్గరి సంగతి. శిడ్లఘట్ట 2007 వరకు ఈ జిల్లాలోనిదే. అక్కడి గూళ్ల మార్కెట్టు ప్రసిద్ధం. చీరకు పోగు తెగరాదు కనుక లోపలి పురుగును గూటిలోనే వేడితో చంపుతారు. జెల్లుకైతే పట్టును ఎలాగూ కరిగిస్తారు. పోగు తెగితే నష్టమేమి? రెక్కల పురుగు తొలుచుకొని పోయిన గూడైనా చాలును. పురుగును పోనిచ్చి తీసే పట్టుకు హైదరాబాదువారైన కుసుమ రాజయ్య 'అహింసా పట్టు' అని పేరుపెట్టి ప్రచారంలోనికి తెచ్చినారు. అందులోనూ దోషం బొత్తిగా లేదనరాదు. పెంపకంలో పుట్టిన పురుగులన్నీ బ్రతకవు. ఐనను ఉడికించుటకూ దీనికీ భేదం గలదు.

గృహస్థుని హింసను ఆచార్యులు నాలుగు విధాలుగా చెప్పినారు: కావాలని చేసే సంకల్పి, ఇంటిపనులలో జరిగే ఆరంభి, వృత్తిలో జరిగే ఉద్యోగి, ఆత్మరక్షణలో జరిగే విరోధి. మొదటిది విడువవలసినది, తక్కినవి తగ్గించవలసినవి. వైద్యం ఆరంభిలో చేరుననవచ్చును. కాని తగ్గించగలిగి కూడా తగ్గించకపోవుట ప్రమాదం, అనగా ఏమరుపాటు. హింసకు మూలం అదేనని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో బోధించినారు.

ఈ విచారణ కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో ఉగ్రాదిత్యుడనే జైన వైద్యుడు త్రికళింగ దేశంలోని రామగిరిలో 'కల్యాణకారకం' అనే వైద్యగ్రంథం రచించినాడు. మాంసం, మద్యం, తేనె లేకుండా చికిత్స చేయవచ్చునని నిరూపించుట ఆయన దీక్ష.

కావున వృద్ధుడు అడుగుట తప్పు కాదు. అడగవలసిన సమయం మాత్రం సూది గుచ్చకముందు. జంతు పదార్థం లేని మందు దొరికితే అది తీసుకొనవలెను. దొరకక ప్రాణమే ఆపదలో ఉన్నప్పుడు, రోగిపై దోషం మోపుట దయ కాదు. అదీ ఒక హింసే. ఆరోగ్యంగా ఉన్నవారు, గూళ్లు కొనేవారు, మందులమ్మేవారు ఆ ప్రశ్నను ముందుగా అడిగి ఉంచితే, మంచంలోని రోగి అడగనక్కరలేదు.