ఆరేళ్ల పిల్లాడికి ఏ బడి?

తెలివైన బిడ్డ పుడితే ఎవరైనా సంబరపడతారు. పిడుగురాళ్ల దగ్గర మా మాదిగపల్లెలో మాత్రం భయపడతారు. మా బడిలో ఆరేళ్లవాడొకడు అయిదో తరగతి లెక్కలు నోటితో చేసేస్తాడు. తండ్రిది సున్నం బట్టీలో పని, తల్లి మిరపకోతలకి పోద్ది. "వీణ్ణేం చెయ్యమంటారు సారూ?" అంటది.

ఏం చెప్పను? తాడికొండ గురుకులం 1972 నించీ ఉంది. ప్రవేశం అయిదో తరగతికి. అంబేద్కర్ గురుకులాలూ అంతే. మద్దిరాల నవోదయకి ఆరో తరగతి రావాలి. బడికి రాని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చమంటది 2009 విద్యాహక్కు చట్టం. మంచిదే. తరగతిని దాటిపోయినోడి సంగతో?

హైదరాబాదులో నైనా జైస్వాల్ ఇంటి దగ్గరే చదివి 8 ఏళ్లకే పదో తరగతి ప్యాసయింది. మా పల్లెలో పొద్దు పొడిచేసరికే ఇల్లు ఖాళీ. చెప్పేదెవరు?

పై తరగతిలో కూర్చోబెడదామంటే తోటి సారొకాయన, "మీవోళ్లకి అంత తొందరేంటి?" అన్నాడు. వాళ్లింట్లో పుడితే మెరిట్టు, మా ఇంట్లో పుడితే తొందర!

నన్ను తొలిచేది ఇంకోటుంది. వీడికిచ్చే గంట ఎవరిది? అక్షరాలు కూడబలుక్కునే మిగతావాళ్లూ మా పిల్లలేగా. అందుకే బడి విడిచాక నా గంట ఇస్తున్నాను. కానీ ఒక సారు దయ మీద నడిచేది హక్కెట్లా అవుద్ది? రేపు నాకు బదిలీ అయితే వాడి గంట ఎవర్నడగాలి?