ప్రభువు వద్దనిన చింత ఏది?



బెంగుళూరులోనైనను బరంపురములోనైనను ఇంగ్లీషు మీడియములో చదువు మన పిల్లలనేకులు తెలుగు బైబిలు చదువలేరు. మత్తయి 6:25లో మనము 'చింతింపకుడి' అని చదువు చోట, వారి ఇంగ్లీషు బైబిళ్లు కొన్నింటిలో 'యాంక్షస్' అను మాట కనబడును. లాటినులో గొంతు నులుముట అను అర్థముగల క్రియనుండి అది పుట్టినది. చింతతో ఛాతీ బిగిసి ఊపిరి సలపక రాత్రులు గడిపినవారికి ఈ అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

1611 నాటి కింగ్ జేమ్సు తర్జుమాలో ఇక్కడ 'థాట్' అని ఉన్నది. ఆ దినములలో ఆ మాటకు మనోవేదన అను అర్థమును ఉండెను. ఇప్పుడు ఆ అర్థము మరుగుపడినది గనుక, రేపటినిగూర్చి ఆలోచనయే కూడదని చదువరికి తోచును. 1881లో సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన దానిని 'యాంక్షస్'గా మార్చెను. పిల్ల పెండ్లికని చీటీ కట్టుట అవిశ్వాసము కాదు సుమా!

అయితే ఈ మాటకును రెండు వాడుకలున్నవి. పరీక్షనుగూర్చి యాంక్షస్ అనిన బెదురు; నిన్ను చూచుటకు యాంక్షస్ అనిన ఆతురత. గ్రీకులోను ఇట్టిదే కలదు. ప్రభువు వద్దనిన 'మెరిమ్నావో' అను క్రియతోనే పౌలు తిమోతిని మెచ్చుకొనెను (ఫిలిప్పీ 2:20), ఫిలిప్పీవారి క్షేమముకొరకు నిజముగా చింతించువాడు అతడేయని. సంఘములన్నిటికొరకు తాను అనుదినము మోయు భారమునకును ఆ కుదురు మాటనే వాడెను (2 కొరింథీ 11:28). అన్నవస్త్రములకై దేవుని మరచి గొంతు నులుముకొనుట ఒకటి, ప్రేమించినవారికొరకు కలవరపడుట మరియొకటి.

ఈ భేదము ఎరుగక మనము గాయపరచుచున్నాము. గల్ఫులోనున్న కుమారుని ఫోను రాలేదు, టెన్షనుగా ఉన్నది, నిద్ర పట్టుటలేదు అని ఒక సహోదరి ప్రార్థన కోరును. 'చింతించుట పాపము కాదా అమ్మా' అని మనలో ఎవరో ఒకరు అందురు. మరుసటి వారము ఆమె మనవి చెప్పదు. కుమారుడు ఫోను చేసెనని మనము అనుకొందుము!

గెత్సేమనేలో ప్రభువే మిగుల కలత చెందెను (మార్కు 14:33). తనతోకూడ మెలకువగా ఉండుడని స్నేహితులను అడిగెను. వారాల తరబడి నిద్రలేనివారిని డాక్టరు వద్దకు తోడుకొనిపోవుటయు, ఆ మందులను అవిశ్వాసమని ఎంచకుండుటయు మనకు తగును.

దేనినిగూర్చియు చింతవలదని ఫిలిప్పీ 4:6లో వ్రాసిన పౌలు, 14వ వచనమున తన శ్రమలో పాలుపుచ్చుకొన్నందుకు ఆ సంఘమును మెచ్చుకొనెను. వారు ఎపఫ్రొదితును అతనియొద్దకే పంపియుండిరి.