దొర మంచివాడైతే చాలా?



చైనాలో కన్ఫ్యూషియస్ కూడా దేవుళ్ల జోలికి పెద్దగా పోకుండా మనిషి నడవడి గురించే చెప్పాడు. చదువు చెప్పేటప్పుడు పుట్టుక చూడలేదు. అది గొప్ప విషయమే. కానీ ఆ సంప్రదాయం చెప్పే అయిదు బంధాలు చూడండి: రాజు-ప్రజ, తండ్రి-కొడుకు, భర్త-భార్య, అన్న-తమ్ముడు, స్నేహితులు. స్నేహం తప్ప మిగతా నాలుగింట్లో ఒకరు పైన, ఒకరు కింద. పైవాడు దయగా ఉండాలి, కిందివాడు అణకువగా ఉండాలి.

దయగల దొరైనా దొరే కదా!

శాక్య రాకుమారులు మంగలి ఉపాలితో కలిసి సంఘంలో చేరడానికొచ్చారు. తమ గర్వం అణగాలని వాళ్లే కోరితే, బుద్ధుడు ముందుగా ఉపాలికే దీక్ష ఇచ్చాడు. సంఘంలో ముందు చేరినవారికి వెనక చేరినవారు మొక్కాలి. రాకుమారులు మంగలికి మొక్కారు. పుట్టుకతో వచ్చిన మెట్టు అక్కడే కూలింది.

భార్యను గౌరవించడం భర్త విధి అని గృహస్థుడైన సిగాలుడికీ బుద్ధుడు చెప్పాడు.

22 ప్రతిజ్ఞలు చేసిన మన ఇళ్లలో ఆడమనిషి ఇంకా అందరూ తిన్నాకే తింటోందా? అయితే మెట్టు మన వంటింట్లోనే ఉంది. ఈ పూటే కలిసి కూర్చుని తిందాం.

నమో బుద్ధాయ! జై భీమ్!