కోర్టు చూసేది పాపనే, బిడ్డా

బిడ్డా, ఏడ్వకు అని నేను చెప్పను. ఎంత ఏడ్వాలంటే అంత ఏడువు. కానీ నీ మొగుడి ఫోన్‌ల దొరికిన మెసేజులు చూపెట్టి “ఇగ పాప నాదే పెద్దమ్మా” అన్నవు చూడు, ఆ మాటకే నాకు భయమైంది.

నీ ముందట రెండు లడాయిలున్నయి. ఒకటి మొగుడితోటి, ఒకటి పాప కోసం. రెండూ కలిపితే రెండింటిల దెబ్బతింటవు. ఆయన ఇంకొకామెతోటి ఉన్నడని రుజువైతే 1955 హిందూ వివాహ చట్టం కింద విడాకులు అడగొచ్చు. జైల్ల వేయిస్తమని ఎవరన్న అంటే మాత్రం నమ్మకు. పరాయి పెండ్లాంతోటి ఉండుడు నేరమనే 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. అది ఉన్నన్నాళ్లు కూడ మోసపోయిన పెండ్లాం కేసు పెట్టే వీలే లేకుండె. ఆ రెండో ఆమె మొగుడే పెట్టాలె! పోతే పోయింది.

పాప సంగతి వేరే. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బిడ్డ బాగునే అన్నిటికంటె ముందు చూడుమంటది. మొగుడిగ చెడ్డోడైనంత మాత్రాన తండ్రిగ పనికిరాడని కోర్టు అనదు. వింటే కోపమొస్తది, నాకూ వస్తది. ఐదేండ్ల లోపు అయితే మామూలుగ తల్లి దగ్గరనే ఉంచుతరు. మన పాపకు ఏడు నిండినయి. అందుకని ఆయన తప్పుల చిట్టా రాసుడు బందు పెట్టి, పాపను సాకింది నువ్వే అని చెప్పే కాగితాలు జమ చెయ్యి. టీకాల కార్డు, బడి ఫీజు రశీదులు, జ్వరమొచ్చినప్పటి దవాఖాన చీటీలు, పేరెంట్స్ మీటింగుల నువ్వు పెట్టిన సంతకాలు. జడ్జి ముందర ఇవే మాట్లాడతయి.

పాపను తీసుకొని హైదరాబాద్ పోతనన్నవు. వద్దు. కస్టడీ అర్జీ బిడ్డ ఉండే ఊరి కోర్టులనే వెయ్యాలె. నడుమ బడి మాన్పిస్తే ఆయన వకీలుకు నువ్వే మాట అందిచ్చినట్టు. హన్మకొండలనే ఉండు. ఐతారం ఆయనొచ్చి పాపను భద్రకాళి చెరువు కట్ట మీదికి తీస్కపోతనంటే పోనియ్యి. ఆయన ఎప్పుడూ దాని మీద చెయ్యెత్తలేదు కదా. “మీ డాడీ అసొంటోడు” అన్న మాట పాప చెవిల పడొద్దు. రేపు జడ్జి దాన్ని లోపలికి పిలిచి అడిగితే, నేర్పిన మాటేదో సొంత మాటేదో ఇట్టే తెలుస్తది.

మాఫ్ చేస్తవా లేదా అన్నది నీ ఇష్టం. మీ అత్త ఏడ్చిందని మాత్రం చెయ్యకు. మాఫ్ చేసి మళ్ల కాపురం పెడితే, ఆ పాత తప్పు మీద విడాకులు అడుగుడు కష్టమైతది. పెద్దమనుషులు పంచాయితి పెట్టి బాండు పేపరు మీద విడిపోయినమని రాసిస్తే సంతకం పెట్టకు. మనల అసొంటి ఆచారం లేదు, ఆ కాగితం కోర్టుల చెల్లదు.

ఇంకొకటి, సిగ్గు పడకుండ విను. ఎంజీఎం దవాఖానకు పోయి హెచ్ఐవీ పరీక్ష చేయించుకో. రూపాయి తీసుకోరు, బయటికి చెప్పరు. ఇసొంటి సంగతి ఏ తల్లీ కూతురికి చెప్పదు, అందుకే నేను చెప్తున్న.

వకీలు ఫీజుకు గొలుసు కుదువపెట్టకు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడామెకు ఆదాయం ఎంతున్నా సర్కారు వకీలును ఉచితంగ ఇయ్యాలె. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తరు. కేసు నడిచినన్ని రోజులు ఖర్చులకు భరణం అడగొచ్చు. జీతం దాచిపెడ్తడని బుగులొద్దు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌ల రాసియ్యాలని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది.

సోమవారం అదాలత్ కాడ న్యాయసేవాధికార సంస్థకు పోదాం, నేనూ వస్త. కాగితాలన్నీ సంచిల పెట్టుకో. ఆ మెసేజులు చెరిపెయ్యకు, చుట్టాలకు పంపకు. వకీలుకు తప్ప ఎవ్వరికీ చూపియ్యకు.