చూచినవాడు చెప్పవలెనా?

చదువవలసిన భాగములు: 2 రాజులు 12:4-16, మత్తయి 18:15-17, 2 కొరింథీయులకు 8:16-21



యోవాషు రాజు కాలమున యెరూషలేము మందిరము శిథిలమై యుండెను. దానిని బాగుచేయుటకు ప్రజలు ద్రవ్యము తెచ్చి యాజకుల చేతికి ఇచ్చుచుండిరి. రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను మందిరము మాత్రము బాగుపడలేదు. ఆ సొమ్ము ఏమాయెనో వాక్యము వివరించదు. ఎవరినిగాని దొంగయని పేరుపెట్టి పిలువదు. రాజు యాజకులను పిలిపించి, ఎందుకు బాగుచేయలేదని అడిగెను. తరువాత యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేసి, బలిపీఠము దగ్గర నుంచెను. పెట్టెలో ద్రవ్యము చేరినప్పుడెల్ల రాజుయొక్క లేఖికుడును ప్రధాన యాజకుడును ఇద్దరును వచ్చి, లెక్కించి, సంచులలో కట్టుచుండిరి. అప్పుడు వడ్రంగులకును రాతిపనివారికిని కూలి ముట్టెను, పని సాగెను.

ఈ వృత్తాంతములో రెండు సంగతులున్నవి. ఒకటి పెట్టె, రెండవది అడుగుట. మన గ్రామ సంఘములు పెట్టెను నేర్చుకొన్నవి, తాళమును నేర్చుకొన్నవి. అడుగుట మాత్రము ఇంకను మనకు కష్టముగానే యున్నది. పదిమంది కలిసి వేసిన సొమ్మును ఒకడు వాడుకొనుచున్నట్టు మనకు తెలిసినయెడల చెప్పవలెనా, ఊరకుండవలెనా? ఊరకుండుటకు మంచి మాటలు చాల దొరకును. “మనకెందుకు?” అందుము. “అతడు మనవాడే గదా, కష్టములో తీసికొని యుండును” అందుము. “చెప్పినయెడల సంఘము రెండగును” అందుము. ప్రేమ దోషములను కప్పునని పేతురు వ్రాసిన సంగతి అప్పుడే మనకు జ్ఞాపకము వచ్చును. ఈ మాసము ఈ ప్రశ్ననే ఆలోచింతము.

నలుగురి పాత్ర

స్విట్జర్లాండ్ దేశములోని జూరిక్ పట్టణమున ఎర్న్‌స్ట్ ఫెర్, సైమన్ గెక్టర్ అను ఇద్దరు అర్థశాస్త్ర పండితులు విద్యార్థులచేత ఒక ఆట ఆడించి, దాని ఫలితమును 2002లో ప్రకటించిరి. దానిని మన రూపాయలలో చెప్పుకొందము. నలుగురు కూర్చుందురు. ఒక్కొక్కరికి 20 రూపాయలు ఇత్తురు. ఎవని కిష్టమైనంత వాడు నడుమనున్న పాత్రలో వేయవచ్చును. మిగిలినది తనయొద్ద ఉంచుకొనవచ్చును. పాత్రలో పడిన ప్రతి రూపాయికి నలుగురిలో ఒక్కొక్కరికి 40 పైసలు వచ్చును, వేసినవానికిని వేయనివానికిని సమానముగా.

నలుగురును తమకున్నదంతయు వేసినయెడల ఒక్కొక్కనికి 32 రూపాయలు వచ్చును. ఎవరును వేయనియెడల 20 రూపాయలే మిగులును. ముగ్గురు వేసి, ఒకడు మాత్రము దాచుకొనినయెడల ఏమగును? వేసిన ముగ్గురికి 24 రూపాయలు చొప్పున వచ్చును. దాచుకొనినవానికి 44 రూపాయలు! తక్కినవారు ఇది గమనించక పోదురా? మొదటి ఆటలలో కొంత ఉదారముగా వేసినవారు, ఇతరులు దాచుకొనుట చూచి, పోను పోను చేయి ముడుచుకొనిరి. దాచుకొనినవాడు ఒక ఆటలో గెలిచెను గాని, కొన్ని ఆటలకు పాత్రలో పడునదే మిక్కిలి తగ్గిపోయెను. పల్లెలో చీటీలు వేసినవారికిని, చెరువు మరమ్మతుకు చందా ఎత్తినవారికిని ఇది క్రొత్త సంగతి కాదు.

పిమ్మట ఆ పండితులు ఒక్క నియమము మార్చిరి. ఎవడు ఎంత వేసెనో అందరికి చూపి, తన చేతినుండి ఒక రూపాయి పోగొట్టుకొనుటకు ఇష్టపడువాడు తప్పుచేసినవానికి మూడు రూపాయలు తగ్గింపవచ్చుననిరి. ప్రతి ఆటకును గుంపులు మారుచుండెను గనుక, అట్లు ఖర్చుపెట్టినవానికి తిరిగి లాభము రాదు. అయినను అనేకులు తమ సొమ్ము ఖర్చుపెట్టి ఆ పని చేసిరి. అందుచేత పాత్రలో పడు సొమ్ము తగ్గక, హెచ్చెను. తన నష్టమునకు ఓర్చుకొని లెక్క అడుగువాడు కొందరైనను ఉన్నచోట తక్కినవారికి వేయుటకు ధైర్యము కలుగునని దీనివలన తెలియుచున్నది.

అయితే ఇందులో మనలను గద్దించు సంగతియు ఒకటి గలదు. 2008లో గెక్టరును మరి ఇద్దరును అనేక దేశములలోని పదునారు గుంపులతో ఇదే ఆట ఆడించి, ఫలితము ప్రకటించిరి. కొన్ని పట్టణములలో తక్కువ వేసినవారు, ఎక్కువ వేసినవారికే దండన విధించిరి! మంచిగా నడుచువాడు వారి కంటికి నలుసాయెను. యోసేపు తన అన్నల చెడుతనమును తండ్రికి తెలిపినప్పుడు వారు తమ చెడుతనమును ద్వేషింపలేదు, యోసేపునే ద్వేషించిరి. లెక్క అడిగినవానిని “వీడు గొడవలమారి” అని వెలివేయు గ్రామము ఆ పట్టణములకు తీసిపోదు.

ఈ ఆటలో దాచుకొనువాడు తన సొమ్మునే దాచుకొనును. పాత్రలో పడినదానిని పాత్ర కాయువాడే తీసికొనినయెడల ఏమగును? చూచినవాడు చెప్పునా? చెప్పువానికి కీడు, చెప్పుటవలన మేలు అందరికి. పండితులు ఇట్టి ప్రయోగములును చేయుచున్నారు. మనకైతే ప్రయోగశాల వరకు పోనక్కరలేదు. సికింద్రాబాదులోనే దీనికి ఉదాహరణమున్నది.

పులి నెక్కినవాడు

సికింద్రాబాదు సర్దార్ పటేల్ రోడ్డుమీద నుండిన మేఫేర్ సెంటరు సత్యం కంప్యూటర్స్ అను కంపెనీకి రిజిస్టర్డు ఆఫీసు. 1987లో ఆరంభమైన ఆ కంపెనీ ఏబది వేలమందికి పైగా ఉద్యోగములు ఇచ్చునంతగా ఎదిగెను. వాటాదారులు అనేకులు తమ సొమ్ము అందులో పెట్టిరి. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్లకు ఉత్తరము వ్రాసి, లెక్కలలో చూపిన నగదులోను బ్యాంకు నిల్వలలోను సుమారు 5,040 కోట్ల రూపాయలు నిజముగా లేవని ఒప్పుకొనెను. మొదట కొద్దిపాటి తేడాయే ఉండెననియు, అది ఏటేట పెరిగెననియు, పులి నెక్కినవాడు దానికి ఆహారము కాకుండ ఎట్లు దిగవలెనో తెలియనట్లు తన స్థితి ఆయెననియు అతడు వ్రాసెను.

అమెరికా దేశపు వాటాల మార్కెట్టును కనిపెట్టు అధికారులు ఈ కంపెనీ లెక్కలలో ఆరు వేలకు పైగా దొంగ బిల్లులుండెనని తమ ఫిర్యాదులో తెలిపిరి. ఆరు వేల బిల్లులు ఒక్క చేతితో పుట్టవు. బ్యాంకులో సొమ్మున్నదా లేదా అని బ్యాంకునే నేరుగా అడిగి రూఢి చేసికొనవలసిన ఆడిటర్లు ఆ పని సరిగా చేయలేదనియు ఆ అధికారులు తప్పుపట్టిరి. ఉత్తరమునకు మూడు వారములలోపు, అనగా 2008 డిసెంబరులో, లోపలి సంగతులు తెలిసినవాని వలె ఎవరో మారుపేరుతో ఒక డైరెక్టరుకు ఈమెయిలు వ్రాసిరి. అది ఆడిట్ కమిటీకిని, ఆడిటర్లకును చేరెను. అయితే అప్పటికే పులి పెద్దదాయెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో కూడ పదిమందిని దోషులని తీర్పు చెప్పి, చెరసాల శిక్ష విధించెను; వారు పైకోర్టుకు అప్పీలు చేసికొనిరి.

ఈ సంగతిని మేము ఎత్తిచూపుట ఒకరిని నిందించుటకు కాదు. తేడా చిన్నదిగా నున్న మొదటి సంవత్సరమందే ఒక గుమాస్తా లేచి, “అయ్యా, ఈ లెక్క సరిగా లేదు” అని ధైర్యముగా చెప్పియుండినయెడల, వినువాడొకడు ఉండినయెడల, ఎవరికి మేలు కలిగియుండును? వాటాదారులకే గాక, ఆ అధ్యక్షునికిని మేలే. తక్కువ ఎత్తునుండి పడినవాడు లేచి నడువగలడు. సంఘపు సొమ్ము తీసికొను మన సహోదరుడును మొదటి దినమున దొంగతనము చేయుచున్నానని అనుకొనడు. “ధాన్యము అమ్మిన తరువాత పెట్టుదును” అనుకొనును. మనము ఊరకుండుట అతనిని ప్రేమించుట కాదు. అతని పులికి మేత వేయుట.

మనది కానిదానిని క్షమింపగలమా?

ఇప్పుడు ప్రేమనుగూర్చిన ప్రశ్నకు వత్తము. ప్రేమ దోషములను కప్పుట నిజమే. ఒకడు మన చొక్కా తీసికొనినయెడల దానిని మనము క్షమింపవచ్చును, ఎవరికిని చెప్పక దాచవచ్చును. ఆ చొక్కా మనది. అయితే సంఘపు పెట్టెలోని సొమ్ము మనది కాదు. దోర్నకల్ బిషపుగా 1912 మొదలు 1945 వరకు పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు, బీద గ్రామ సంఘములు కూడ ఇచ్చుటకు నేర్చుకొని తమ కాళ్లమీద తాము నిలువవలెనని బోధించిరి. మన తల్లులు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము వేరుగా తీసి కుండలో వేయుదురు. బియ్యము తక్కువైన దినమున ఆ పిడికెడు ఎవరి విస్తరిలోనుండి తగ్గునో మనమెరుగుదుము. ఆ పిడికెడు పోగొట్టుకొనినది ఆ తల్లి. ఆమెకు తెలియకుండ, ఆమెను అడుగకుండ, ఆమెకు జరిగిన నష్టమును మనము క్షమించితిమని చెప్పుటకు మనమెవరము? ఇతరుల సొమ్ముతో చూపు ఔదార్యము ఔదార్యము కాదు.

కాబట్టి కప్పవలసినది మారుమనస్సు పొందినవాని సిగ్గును. జరుగుచున్న దొంగతనమును కాదు. అతడు ఒప్పుకొని, తిరిగి చెల్లించిన తరువాత ఆ మాట మరల రచ్చబండమీద ఎత్తకుండుటయే ప్రేమ కప్పుట. ఇస్కరియోతు యూదా సంచి మోసి, అందులో వేసినది దొంగిలుచుండెనని యోహాను దాచక వ్రాసెను. అది ఆ సంచిమీద ఆధారపడిన బీదలకు సంబంధించిన సంగతి గనుక.

అయితే పొరబాటున నిర్దోషిమీద నింద పడిన యెడల ఏమిటి? ఈ భయము న్యాయమైనది. అందుచేతనే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక నేరారోపణ అంగీకరింపవద్దని పౌలు తిమోతికి ఆజ్ఞాపించెను. గుసగుస వేరు, చెప్పుట వేరు. గుసగుస బావిదగ్గర పుట్టును, దానికి తలిదండ్రులుండరు. చెప్పువాడు లెక్క చూపి, తన పేరుతో, వినవలసినవారియొద్ద చెప్పును. కొరింథు సంఘములోని కలహములను పౌలునకు తెలిపినది క్లోయె యింటివారు. పౌలు వారి పేరు దాచలేదు, వారిని తప్పుపట్టలేదు.

చెప్పినంత మాత్రమున చాలదు

ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి గ్రామీణ ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిపిరి. ఆ పనులకు పోవు కుటుంబములలోని యువకులకు తర్ఫీదు ఇచ్చి, మస్టరు పట్టీలు చేతికిచ్చి, ఇంటింటికి పంపిరి. “నీవు ఇన్ని దినములు పనిచేసినట్టు వ్రాసియున్నది, నిజమేనా? కూలి ముట్టినదా?” అని వారు అడుగుదురు. తరువాత మండల కేంద్రమున అందరి ఎదుట ఆ సంగతులు చదువుదురు. బీదవారు అధికారి ఎదుట నిలిచి తమ లెక్క తామే చెప్పుట గొప్ప సంగతి. అయితే ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఇవర్సన్ అను పండితులు ఆ తనిఖీల కాగితములు పరిశీలించి 2014లో ప్రకటించిన వ్యాసము మనలను హెచ్చరించుచున్నది. తప్పులు బయటపడుచున్నను మొత్తముమీద తగ్గలేదు. సులువుగా పట్టుబడు తప్పులకు బదులు, సామగ్రి లెక్కలలో పట్టుటకు కష్టమైన తప్పులు హెచ్చెను. దోషులకు శిక్ష పడుట అరుదు. చెప్పువాడు చెప్పినను, వినినవారు ఏమియు చేయనియెడల దొంగ మారడు, దారి మార్చుకొనును.

కనుక సంఘ పెద్దలకు మా మనవి ఇది. కానుకలు లెక్కించునప్పుడు ఒక యింటివారు కాని ఇద్దరు ఉండవలెను. పిడికెడు బియ్యము అమ్మిన ధర ఆ దినమే చిట్టాలో వ్రాయవలెను. చదువు రానివారును వినునట్లు నెల నెల జమ ఖర్చు ఆరాధనానంతరము బిగ్గరగా చదువవలెను. ఇది కోశాధికారిని అవమానించుట కాదు. కానుక మోయుటలో తనమీద ఎవడును తప్పు మోపకుండునట్లు పౌలే తనతో ఇతరులను తోడు పెట్టుకొనెను. ఇద్దరు లెక్కించిన పెట్టె యథార్థుడైన కోశాధికారికి కోటవంటిది.

తప్పు కనబడినయెడల ప్రభువు చెప్పిన క్రమముననే పోవుదము: మొదట ఒంటరిగా, పిమ్మట ఇద్దరు ముగ్గురితో, వినకపోయినయెడల సంఘముతో. పుస్తకము దిద్దబడునను భయమున్నచోట మొదటనే ఇద్దరుగా పోవుట మంచిది. అతడు నిర్దోషియని తేలినయెడల, నింద వినినవారందరి ఎదుట ఆ సంగతియు అంతే బిగ్గరగా చెప్పవలెను. అడిగినది కూలివాడైనను, విధవరాలైనను, నిన్న బాప్తిస్మము పొందిన యౌవనుడైనను, పెద్దలు కోపపడక పుస్తకము తెచ్చి చూపవలెను. లెక్క సరిగానున్నయెడల అడిగినవానికి వందనములు చెప్పి పంపవలెను.

ఈ నెల మీ పెద్దల కూటములో 2 రాజులు 12వ అధ్యాయము చదువుకొనుడి. చదివిన తరువాత చిట్టా పుస్తకము బల్లమీద పెట్టి, “ఎవరైన అడుగవలసినది ఉన్నదా?” అని ఒక్క మాట అడుగుడి. మొదట ఎవరును మాటలాడకపోవచ్చును. తొందరపడి పుస్తకము మూయక, కొంతసేపు కనిపెట్టుడి.