పర్ణశాలయు, గృహస్థుని గదియు

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, గోదావరి యొడ్డున నున్న పర్ణశాలకు పోయినవారు, అక్కడి సీతవాగులో సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన చారలనియు, పసుపుకుంకుమలు నూరిన రాళ్లనియు స్థానికులు చూపించు గుర్తులను కన్నుల కద్దుకొని తిరిగివత్తురు. రామాయణములోని పంచవటి ఇదియేయని ఇక్కడివారనగా, తమదేయని నాసికవారును అందురు. ఆ వివాదముతో నాకు పనిలేదు. నన్ను చిరకాలముగా ఆలోచింపజేయుచున్నది వేఱొక ప్రశ్న. ఆ కుటీరములోపల ఏ వస్తువులుండెను, ఏవి లేకుండెను? దశరథుని కుమారుడును జనకుని కూతురును కాపురము చేసిన ఆ యాకుల యిల్లు వారికి చాలినదన్నచో, ఏ గుణమువలన చాలినది?

వాల్మీకి మహర్షి అరణ్యకాండమున ఈ గృహనిర్మాణమును శ్రద్ధగా వర్ణించెను. తావు చూచి కట్టుమని అన్న చెప్పగా, నూఱేండ్లు గడచినను తాను అన్నకు లోబడినవాడే గనుక తావును అన్నయే నిర్ణయింపవలెనని తమ్ముడు వేడుకొనెను. అంతట రాముడు అతని చేయి పట్టుకొని, నదికి సమీపమున, సమతలమై, పూచిన చెట్లు చుట్టియున్న చోటును చూపెను. మట్టి పోగుచేసి, గట్టి స్తంభములు నాటి, పొడవైన వెదుళ్లు వేసి, వానిపై జమ్మికొమ్మలు పఱచి, త్రాళ్లతో బిగించి, దర్భయు ఱెల్లును ఆకులును కప్పి, నేలను చదునుచేసి లక్ష్మణుడు ఇల్లు కట్టెను. కట్టిన వెంటనే అన్నను పిలువలేదు. గోదావరిలో స్నానమాడి, తామరపూలును పండ్లును తెచ్చి, పుష్పబలి సమర్పించి, శాంతి జరిపి, ఆ పిమ్మటనే చూపెను. రాముడు ఆనందభరితుడై తమ్ముని కౌగిలించుకొని, ఇటువంటివాడు తోడుండగా తండ్రి గతించినట్లే లేదను భావము పలికెను. క్రొత్త యిల్లు చూచిన క్షణమున తండ్రి జ్ఞప్తికి వచ్చుట సామాన్య విషయము కాదు. అయోధ్యను వీడినప్పటినుండి ఆయన కోల్పోయినది ఆ వాత్సల్యము. అది వెదురుగుంజల నడుమ మరల లభించెను.

తామరపూలు లేకున్నను ఆ కప్పు నిలిచెడిది, వాన ఆగెడిది. జటావల్కలములు ధరించి వ్రతస్థుడైయున్నవాడు సైతము పూలులేని యింట కాలు పెట్టలేదన్నచో, అలంకారమును వైరాగ్యమునకు విరోధిగా భావించు మన అలవాటును ఒకసారి పరీక్షించుకొనవలసియున్నది. ఇల్లు ఖాళీచేసికొనుటయే ధర్మమని ఒకరు, ఇల్లు నింపుకొనుటయే సంసారమని మఱియొకరు వాదించుచుండగా, చిన్నయింటి గృహస్థుడు ఈ రెంటి నడుమ దిక్కుతోచక నిలుచుండును. అతనికి శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

యోగసూత్రములకు వ్యాసభాష్యము అపరిగ్రహమును నిర్వచించుచు, వస్తువులయందు ఐదు దోషములు చూపినది: ఆర్జించుట యొక దోషము, కాపాడుట యొకటి, నశించునపుడు కలుగు బాధ యొకటి, సంగ మొకటి, వానిమూలమున జరుగు హింస యొకటి. ఈ యైదింటిని చూచి స్వీకరింపకుండుటయే అపరిగ్రహము. యోగి కొఱకు చెప్పినదైనను, ఇంటి అటకపై నున్న యొక్కొక్క మూటను దింపి ఈ యైదు ప్రశ్నలు వేసినచో, సగము మూటలు తమంతట తామే సమాధానము చెప్పును. అయినను గృహస్థునకు అస్వీకారము సాధ్యము కాదు. పొయ్యి లేక వంటలేదు, చీపురు లేక శుద్ధిలేదు. మనువు ఈ సంగతి నెఱిగియే పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ అను నైదింటిని గృహస్థుని హింసాస్థానములుగా పేర్కొని, వానిని విడువుమని చెప్పక, నిత్యము పంచమహాయజ్ఞములచే ఆ ఋణము తీర్చుకొమ్మని విధించెను. భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము బోధించుచు, కడుపు నిండుటకు చాలినంతమట్టుకే మనుష్యునికి స్వత్వమనియు, అంతకు మించి తనదనువాడు దొంగయనియు తీర్పు చెప్పెను. జైనులు తమ గృహస్థులకు పరిగ్రహపరిమాణవ్రతమును విధించిరి. ఇంతకు మించి నాకు వలదని ఎవరికి వారే ముందుగా హద్దు గీసికొనుట ఆ వ్రతస్వరూపము. మన ఖమ్మము సీమయందే, నేలకొండపల్లిలో, బౌద్ధ మహాస్తూపము వెలసియున్నది. ఆ మార్గమున నడచిన భిక్షువునకు మూడు చీవరములు, పాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీరు వడియగట్టు గుడ్డ అను నెనిమిదియే పరిష్కారములు. వీనిలో చిరిగిన గుడ్డ కుట్టుకొనుటకు సూది యుండుట నాకెంతయు ప్రియమైన విషయము. తక్కువ వస్తువులు గలవాడు వానిని బాగుచేసికొనుట నేర్వవలెను. చిరిగినదానిని పాఱవైచి క్రొత్తది తెచ్చుకొనువాడు, ఇల్లెంత ఖాళీగా నున్నను, పరిగ్రహియే.

అందువలననే రాముని త్యాగమును అయోధ్యాకాండమున నిదానముగా చదువవలెను. అడవికి బయలుదేఱుటకు ముందు తన సొత్తునంతయు విడిచెను గాని, వదిలించుకొనలేదు; ఎవరికి ఏది తగునో యోచించి ఇచ్చెను. సుయజ్ఞునకు ఆభరణములు, పరిచారకులకు పదునాలుగేండ్ల జీవనము. అడవిలో గునపము పట్టి త్రవ్వుకొని బ్రదుకు త్రిజటుడను పేదబ్రాహ్మణుడు రాగా, నీ చేతికఱ్ఱ విసరినంత మేర గోవులు నీవని నవ్వుచు పలికెను. కఱ్ఱ సరయువు దాటి పడెను, గోవులన్నియు అతనివయ్యెను. పిమ్మట దశరథుడు సేనను ధనమును వెంట పంపబోగా, ఏనుగునే దానమిచ్చినవాడు దాని నడుముత్రాటిపై మనసు పెట్టుకొనుట యెందుకని రాముడు నిరాకరించెను. మన గదులలో నేడు మిగిలియున్నవి ఆ త్రాళ్లే. మిక్సీ పోయినది, దాని జాడీ యున్నది. ఫోను పోయినది, దాని పెట్టె యున్నది. పిల్లవాడు ఉద్యోగమునకు పోయినాడు, అతని పదవ తరగతి గైడ్లు మంచము క్రింద చెదలు పట్టుచున్నవి.

ఇంత త్యాగము చేసినవాడు వెంట తీసికొనిపోవుటకు అడిగినవి యేవి? గునపము, గంప. చేతిపని ముట్లు. ఇక సీతమ్మకు దశరథుడు పదునాలుగేండ్లకు లెక్కగట్టి వస్త్రభూషణములిప్పించెను. అత్రిమహాముని యాశ్రమమున అనసూయ మఱికొన్ని తొడిగెను. కైక యిచ్చిన నారచీరను కట్టుకొనుట తెలియక ఆ తల్లి నిలువబడినపుడు వసిష్ఠుడు కోపించి, ఆమెకు వల్కలములు వలదనెను. ఇంటిలో నొకరి వ్రతమును తక్కినవారి నెత్తిన రుద్దరాదను ధర్మసూక్ష్మము ఇందున్నది. తన యపరిగ్రహము కొఱకు భార్య చీరలపెట్టెను ఖాళీచేయించు భర్తకు రామాయణములో ప్రమాణము లేదు. ఆ నగలే ఋష్యమూకముపై పడి, పిదప ఆమె జాడ తెలుపుటకు అక్కఱకు వచ్చినవి గదా!

మన సీమలో ఈ చర్చ నేడు పుస్తకములకే పరిమితమైనది కాదు. ఇందిరమ్మ యిండ్ల పథకమును ప్రభుత్వము 2024 మార్చి 11న భద్రాచలముననే ఆరంభించినది; సొంతస్థలము గలవారికి 5 లక్షల రూపాయల సహాయము, కనీసము 400 చదరపు అడుగుల యిల్లు, అందులోనే వంటగది, మరుగుదొడ్డి. ఈ కొలతలో అత్తయు కోడలును, చదువుకొను పిల్లలును, పెండ్లికి వచ్చిన మంచమును బీరువాయు నిలువవలెను. గోడకు రంగు వేయుటకే కూలి డబ్బులు కూడబెట్టుకొను సంసారమునకు పత్రికలలోని బొమ్మలను చూపి గది యలంకరింపుమనుట దయలేని మాట. అయితే మన పూర్వులు ఇంతకంటె చిన్నగదులలోనే సంసారము చేసిరి. వారి ఉపాయము లెటువంటివో చూడుడు. పాలుపెరుగులకు ఉట్టి, బట్టలకు దండెము, కండువాకు చిలకకొయ్య, దీపమునకు గోడలో గూడు, విత్తనములకు అటక. నేలపై నేదియు లేదు. నులకమంచము పగలు గోడకు నిలువబడును, చాప చుట్టబడి మూల చేరును; అదే నేల ఉదయము వంటకు, మధ్యాహ్నము విస్తరికి, రాత్రి నిద్రకు లొంగును. చినిగిన చీరలు బొంతగా మాఱి మరల పిల్లలను కప్పును. అలంకారము కొఱకు కొన్నది యత్యల్పము: గోడకు సున్నము, అరుగునకు జాజు, దానిపై తెల్లని ముగ్గు, గడపకు పసుపు, గుమ్మమునకు మామిడాకులు. ఇవన్నియు చెడిపోవునవే. ముగ్గు సాయంకాలమునకు చెరగును, తోరణము వాడును, అలుకు నాలుగునాళ్లకు బీటలువాఱును. చెడిపోవుటయే వాని గొప్పతనమని నా విశ్వాసము. రక్షణదోషము లేని సౌందర్యము అది యొక్కటే. తాళము వేయనక్కఱలేదు, దొంగిలింపబడదు, వారసులు కలహింపరు. రేపు మరల చేయవలసియుండుటచేత అది ఆస్తి కాక పూజ యైనది.

ఇట్లనుటవలన అడవిపల్లెల లేమిని నేను కీర్తించుచున్నానని ఎవరును తలపవలదు. చర్ల, దుమ్ముగూడెము ప్రాంతముల కోయ గూడెములలో వెదురుతడికకు మట్టి మెత్తి కట్టిన యిండ్లను చూచి, వీరెంత నిరాడంబరులని పట్టణవాసులు మెచ్చుకొందురు. ఇంట వస్తువు లేకుండుట వారు చేసిన త్యాగము కాదు. కలిగియుండి విడుచుటయే త్యాగము, లేకపోవుట లేమి మాత్రమే. వానకారు వచ్చునప్పటికి కప్పునకు తగినంత తాటాకు లేని యింటికి అపరిగ్రహము బోధించుట పాపము. అక్కడ మనము నేర్వదగినది వేఱుగా నున్నది. అంత లేమిలోను ఆ గోడ ఎఱ్ఱమట్టితో నున్నగా అలుకబడియుండును. క్రొత్త పంట చేతికి వచ్చినను దేవతలకు సమర్పింపనిదే నోట పెట్టరు. దమ్మిడీ వ్యయము లేని ఈ రెండు పనులును ఇంటికి ఎటువంటి తేజస్సు నిచ్చునో కన్నవారికే తెలియును.

భద్రాచల రాముని మొదటి యిల్లు సైతము అట్టిదే. స్థలపురాణము ప్రకారము భద్రిరెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్కయను భక్తురాలు స్వప్నములో ఆజ్ఞ పొంది, పుట్టలోని మూర్తులను గోదావరి జలముతో కడిగి, ఆకుల పందిరి వేసి, తాటిపండు నివేదించెను. అటుపిమ్మట నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న (రామదాసు), పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, రాతి గుడి కట్టించి, చింతాకు పతకమును కలికితురాయియు చేయించి, అందుకు వెచ్చించిన సొమ్ము కొఱకు తానీషా ఆజ్ఞచే గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని ప్రసిద్ధి. చెఱలోని బాధ భరింపలేక ఒక్కొక్క నగకైన వెలను లెక్కగట్టి రాముని నిలదీసి పాడెను. దమ్మక్క పందిరి గొప్పదా, రామదాసు పతకము గొప్పదా? ఈ ప్రశ్నకు నేను తీర్పు చెప్పజాలను. ఇరువురును తమకొఱకు కూడబెట్టలేదు. కాని సంరక్షణభారము, వెల, లెక్క, చెఱ యనునవి పందిరికి లేవు, పతకమునకు కలవు. భాష్యకారుడు చెప్పిన దోషములు దైవార్పితమైన వస్తువును గూడ వెంటాడినవన్న సత్యమును ఆ మహాభక్తుని జీవితమే చూపుచున్నది.

గోదావరికి ఈ తత్త్వమును బోధించు రీతి వేఱు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడవ హెచ్చరిక వెలువడిన రాత్రి లోతట్టు వీధుల గృహిణి చేతికందిన సంచిలో ఏమి సర్దుకొనును? పట్టాదారు పుస్తకము, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, మంగళసూత్రము, నాలుగు బట్టలు, కొన్ని బియ్యము. బీరువా మునుగును. ఒండ్రు కడుగుకొనుచు తిరిగివచ్చినవారి దుఃఖమును తత్త్వమని పేర్కొనుటకు నాకు నోరు రాదు. వారిది నష్టము, పరిహారమునకు తగినది. అయితే వరద రాని యెత్తున నివసించు మనబోటివారు ఆ సంచిని ఒకసారి మనసులో సర్ది చూచుకొనుట మంచిది.

ఇక మిగిలినది, చిన్నయిండ్లలో ఎవరును ముట్టుకొన సాహసింపని చోటు, దేవుని గూడు. నవమి కల్యాణమునకు పోయినపుడెల్ల తెచ్చిన రాముల పటములు, తలంబ్రాల పొట్లములు, ఏటేటి క్యాలెండరు దేవతలు, పగిలిన అద్దముతో లక్ష్మీదేవి, ఎవరో యిచ్చిన వెండిపూత పళ్లెములు, ఎండిన పూలు: దీపము పెట్టుటకు స్థలము చాలదు. తీసివేసిన పాపమను భయము. ఈ భయమునకు శాస్త్రాధారము లేదని నేను దృఢముగా చెప్పగలను. మన నిత్యపూజలో ఆవాహన మెట్లున్నదో ఉద్వాసనయు అట్లే యున్నది. వినాయకుని మట్టిబొమ్మను పూజించిన చేతులతోనే నీట విడుతుము. శిథిలమైన మూర్తులకు ఆగమములు జీర్ణోద్ధారవిధి చెప్పినవి. రమ్మని పిలిచి, సేవించి, సగౌరవముగా సాగనంపుట తెలిసిన మతము మనది. కనుక ఇలవేల్పు పటమొకటి, ఇంటివారి హృదయమునకు దగ్గఱయైన మూర్తి యొకటి నిలుపుకొని, తక్కిన వానికి అక్షతలు వేసి నమస్కరించి ఉద్వాసన చెప్పవచ్చును. రావిచెట్టు మొదట గుట్టగా పడవేయుట గౌరవము కాదు, ఫ్రేముతో అద్దముతో గోదావరిలో జాఱవిడుచుట అంతకంటెను కాదు; ఆ నీట రేపు స్నానమాడు పసివాని పాదమున ఆ గాజు గ్రుచ్చుకొనును. అద్దమును వేఱుచేసి, కాగితమును తులసికోట మొదటనో, పెరటి చెట్టు పాదునందో మట్టిలో కలుపవలెను. చెక్క ఫ్రేము బాగున్నచో పిల్లవాడు గీసిన బొమ్మను అందులో అమర్చి గోడకు తగిలింపవచ్చును.