మార్కు కూడా ఒక మాటే

పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద పంతులు వేసే అంకె కూడా ఒక మాటే. మాట నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. కానీ మార్కు దగ్గరికి వచ్చేసరికి ఎక్కువా తక్కువా అనే చూస్తాం, నిజమా కాదా అని అడగం. దేవరకొండ తండాల నుంచి, అమ్రాబాద్ పెంటల నుంచి చదువుకొని వచ్చి బడిపంతుళ్లమైన మేము ఆ ప్రశ్ననే ఇక్కడ అడగదలచుకున్నాం.

ముందుగా పద్ధతి ఏమిటో చూద్దాం. పిల్లలకు ఎంత అర్థమైందో, అర్థమైనదాన్ని ఎంత వాడుకోగలరో ఏడాది పొడవునా సమగ్రంగా అంచనా వేయాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. దాన్నే మనం నిరంతర సమగ్ర మూల్యాంకనం అంటున్నాం. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతి సబ్జెక్టుకు విద్యా ప్రమాణాలు రాసి ఉన్నాయి. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యం అని ఐదు. పదో తరగతిలో పబ్లిక్ పరీక్షకు 80, ఏడాదిలో జరిగే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలకు కలిపి 20 మార్కులని పెట్టారు. ఆ మొత్తాన్ని బట్టి ఎ1, ఎ2, బి1 అంటూ గ్రేడ్లు.

ఇందులోని మూలసూత్రం మంచిది. పిల్లవాణ్ణి పక్క బెంచీ పిల్లవాడితో కాదు, నేర్చుకోవలసిన దానితో పోల్చాలి. ఫస్టు ఎవరు, లాస్టు ఎవరు అనే లెక్క అక్కడ పనికిరాదు. ఏం వచ్చింది, ఇంకా ఏం రావాలి అన్నదే లెక్క.

అయితే చివర మనం చేసేది సగటు. ఒక ఉదాహరణ తీసుకుందాం. తండా బడి నుంచి హైస్కూలుకు వచ్చిన ఒక పాపకు నాలుగు మూల్యాంకనాల్లో 20కి 6, 9, 14, 19 వచ్చాయనుకోండి. సగటు 12. ఇంకొకరికి నాలుగుసార్లూ 12 వచ్చాయి. సగటు 12. మూడో బిడ్డ 19తో మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు పనికి పుణె పోతే చెల్లెలి భారం మీద పడి 14, 9, 6కు జారాడు. అతనికీ 12 వేస్తాం. ఒకరు ఎదిగారు, ఒకరు నిలిచారు, ఒకరు పడిపోతున్నారు. ముగ్గురికీ కార్డు ఒకే మాట చెబుతోంది. ఇది నిజం చెప్పడమేనా?

అమెరికాలో కొన్ని హైస్కూళ్లు ప్రమాణానికి ఒక గడి చొప్పున విడివిడిగా రాస్తాయి. పిల్లలు ఈమధ్య చూపిన సామర్థ్యానికే ఎక్కువ విలువ ఇస్తాయి. హాజరు, ప్రవర్తన, శ్రద్ధ వేరే గడుల్లో ఉంటాయి. అప్పుడు ఏడాదంతా కష్టపడినవాడికి విలువ లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. శ్రమను శ్రమగా రాయాలి. శ్రమను జ్ఞానంలో కలిపి ఒకే అంకె చేస్తే రెండూ కనబడకుండా పోతాయి.

సగటు ఒక రకం అబద్ధమైతే, జాలి ఇంకో రకం అబద్ధం. గిరిజన పిల్లలు కదా పాపం, 20కి 20 వేసేద్దాం అనే మాట స్టాఫ్ రూముల్లో వినబడుతుంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ 20 మార్కులను తీసేసి, 100కూ పరీక్షే పెడతామని ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. మార్కులు ఉండాలా పోవాలా అన్న వాదన తర్వాత. వేసిన మార్కు నిజమైనదా అన్నది ముందు. చదువుకున్న తల్లిదండ్రులు బిడ్డ నోటుబుక్కు తెరిస్తే అబద్ధపు మార్కు ఇంట్లోనే దొరికిపోతుంది. మన ఇళ్లలో పంతులు మాటే చివరి మాట. మన బిడ్డకు అసలు సంగతి ఇంటర్ మొదటి ఏడు క్లాసులో కూర్చున్నాకే తెలుస్తుంది. అప్పటికి జాలిపడిన పంతులు పక్కన ఉండడు. సిగ్గుపడటం, చదువు మానడం ఆ బిడ్డ వంతు.

అలాగని కఠినంగా వేసిన మార్కంతా నిజం కాదు. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే పిల్ల తెలుగులోనో ఇంగ్లీషులోనో జవాబు రాయాలి. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, తేనె ఎప్పుడు దొరుకుతుందో నల్లమల చెంచు పిల్లవాడు గడగడా చెబుతాడు. జీవవైవిధ్యం ప్రశ్నకు రెండు వాక్యాలు రాసి ఆగిపోతాడు. అతనికి సున్నా వేస్తే మనం కొలిచింది సైన్సును కాదు, భాషను. మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు అనే అంశం ఉండనే ఉంది. అతణ్ణి నోటితో చెప్పనిచ్చి వినడానికి ఆ తలుపు చాలు. అడవి తెలుసు కాబట్టి రాయడం రాకపోయినా ఫరవాలేదు అనడం మళ్లీ జాలే. విషయం తెలుసు, రాయడం ఇంకా రావాలి. ఈ రెండు మాటలూ రాస్తేనే పూర్తి నిజం.

ప్రాజెక్టు పనీ అంతే. మర్రిగూడ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ గురించి కొన్న చార్టు అతికిస్తే ఐదు మార్కులు సులువు. నానమ్మ నడుము ఎందుకు వంగిపోయిందో అడిగి, ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగేవారో రాసుకొచ్చిన బిడ్డ నాలుగు తప్పులతో రాసినా ఆ ప్రమాణాన్ని అందుకుంది.

తోటి ఉపాధ్యాయులను అడిగేది చిన్న పని. ఆన్‌లైన్‌లో ఎక్కించే అంకె ఎలాగూ ఎక్కిస్తాం. దానితోపాటు ఒక నోటుబుక్కులో ప్రతి బిడ్డకు ప్రమాణానికి ఒక వరుస రాయండి. తల్లిదండ్రుల సమావేశంలో 12 అని చెప్పి ఊరుకోకుండా ఆ వరుసలు చదివి వినిపించండి, వీలైతే వాళ్ల భాషలో. యువకులను అడిగేదీ ఒకటుంది. ఈసారి తండాకు పోయినప్పుడు తమ్ముడికి, చెల్లికి ఎన్ని మార్కులని అడగకండి. ఏం వచ్చింది, ఎక్కడ ఆగింది అని అడగండి. ఆగిన చోట పక్కన కూర్చోండి.